ఉద్యోగము మారెను, పరిశోధన ఏమాయెను?

ఇంటిలో ఒకరు పిహెచ్.డి. పట్టమునకై పరిశోధన చేయుచున్నారనగా ఒక విధముగా ఇంటిల్లిపాదియు చేయుచున్నట్లే. భోజనపు బల్లమీద కాగితములు పరచుకొనును. పండుగ సెలవులు గ్రంథాలయములో గడచును. ఇంటి ఖర్చులకు దాచిన సొమ్ములో కొంత నకళ్ళకును ప్రయాణములకును పోవును. ఇట్లు మూడేండ్లో నాలుగేండ్లో గడచిన పిమ్మట ఆ పరిశోధకునకు వేరొక ఊరిలో మంచి ఉద్యోగము దొరకును. ఇరుగుపొరుగులకు మిఠాయి పంచుదురు. ఆ సంతోషములో ఎవరికిని తోచని ప్రశ్న ఒకటి గలదు. సగము జరిగిన ఆ పరిశోధన ఇక నేమగును? ఉద్యోగముతోపాటు అదియు కొత్త ఊరికి కదలునా? లేక పాత విశ్వవిద్యాలయపు బీరువాలో ఒక ఫైలుగా మిగిలిపోవునా?

రెండవది జరుగుట అరుదు కాదు. అట్లు జరిగినప్పుడు ఎవరి దుర్బుద్ధియో దీనికి కారణమని తలచుట సహజమే. కాని నిదానించి చూచినచో, చాలవరకు ఇందులో దుష్టులెవ్వరును కనబడరు. పరిశోధన మనిషితో నడచును. విశ్వవిద్యాలయపు లెక్క స్థానముతో నడచును. మనిషి స్థానము మారినప్పుడు ఈ రెంటికిని గల లంకె తెగును. తెగినచోట మరల ముడివేయు బాధ్యతను మాత్రము ఏ ఒక్క కార్యాలయమునకును ఎవరును స్పష్టముగా అప్పగించి యుండరు. ఈ ముడి ఎక్కడెక్కడ తెగుచున్నదో, దానిని నిలుపుకొను మార్గములేవో తెలిసికొనుట పరిశోధకులకే గాక వారి కుటుంబములకును అవసరము.

వరంగల్లువారికి ఇది దూరపు విషయము కాదు. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రము ఇచ్చట వెలసెను. అదియే 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయమాయెను. అంతకు పూర్వమే 1959లో పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారెను. కాళోజీ నారాయణరావుగారి పేర వెలసిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమును ఈ నగరమునందే యున్నది. కొద్ది కిలోమీటర్ల దూరములో మూడు ఉన్నత విద్యాసంస్థలు గల ఊరు ఇది. అయినను ఆ మూటికిని చట్టములు వేరు, నియమావళులు వేరు. హనుమకొండలోని ఒక ప్రయోగశాలను విడిచి కాజీపేట దారిలోని మరియొక ప్రయోగశాలలో చేరిన వ్యక్తి, నగరపు బస్సులో కొన్ని నిమిషములే ప్రయాణము చేసియుండవచ్చును; కాగితములమీద మాత్రము అతడు ఒక పొలిమేర దాటినవాడే.

మొదట పిహెచ్.డి. యొక్క కట్టుబాటును తెలిసికొందము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., ఈ పట్టమునకు కనీస ప్రమాణములను నిర్ణయించుచు 2009లోను, 2016లోను, 2022లోను నిబంధనలను ప్రకటించెను. విశ్వవిద్యాలయములు వీనిని తమ పాలకవర్గముల ఆమోదముతో స్వీకరించి, తమ నియమములను చేర్చుకొనుచుండును. 2022 నాటి నిబంధనల ప్రకారము పరిశోధనకు కనీస కాలము మూడేండ్లు. గరిష్ఠ కాలము ప్రవేశించిన నాటినుండి ఆరేండ్లు. మరల నమోదు చేసికొనినచో ఇంకొక రెండేండ్లు దొరకును. స్త్రీలకును, నలువది శాతమునకు మించిన వైకల్యము గలవారికిని ఆపై మరి రెండేండ్ల సడలింపు గలదు. ఈ కాలములో పరిశోధకుడు కొంత తరగతి చదువు పూర్తి చేయవలెను. ప్రతి అర్ధసంవత్సరమునను సలహా సంఘము ఎదుట తన పని వివరింపవలెను. కడపట సిద్ధాంతవ్యాసమును సమర్పించిన తరువాత పర్యవేక్షకుడుగాక ఇరువురు బయటి పరీక్షకులు దానిని చదువుదురు. పిమ్మట మౌఖిక పరీక్ష జరుగును. వ్యాసము సమర్పించిన ఆరు మాసములలో ఫలితము ప్రకటింపవలెనని నియమము.

ఈ ఏర్పాటంతయు ఒక ఊహమీద నిలిచి యున్నది. ఆ వ్యక్తి మొదటినుండి చివరివరకు ఒకే చోట, ఒకే యజమాని క్రింద, ఒకే పర్యవేక్షకుని వద్ద ఉండునని ఆ ఊహ. జీవితము తరచుగా అట్లు నడువదు.

ఒక ఉదాహరణమును తీసికొందము. జనగామలో ప్రైవేటు డిగ్రీ కళాశాలయందు చరిత్ర బోధించు ఉపన్యాసకురాలు ఒకరు కాకతీయుల నాటి చెరువుల శాసనములపై పరిశోధనకు వరంగల్లులో పేరు నమోదు చేసికొనిరనుకొందము. రామప్ప, పాకాల, లక్నవరము చెరువుల పరిసరములన్నియు ఆమె తిరిగిరి. శిలలపై తడి కాగితము నద్ది, మసి పూసి, అక్షరముల అచ్చులు తీసిరి. తూములను కనిపెట్టియుండు ముసలి నీరటికాండ్ర మాటలను వ్రాసికొనిరి. నాలుగేండ్లు గడచినవి. అప్పుడామెకు ఆదిలాబాదులోని ప్రభుత్వ జూనియరు కళాశాలలో ఉద్యోగము వచ్చెను. చేరక తప్పదు, ఇల్లు గడువవలెను గదా.

మొదటి చిక్కు కాలము. ఆరేండ్ల గడువు ఉద్యోగము మారినదని ఆగదు. కొత్త ఊరిలో ఇల్లు చూచుకొని, పిల్లలను బడిలో చేర్చి, కొత్త పాఠ్యక్రమమునకు అలవాటుపడునప్పటికి ఒక యేడు తిరిగిపోవును. ఆ యేడు ఆమె జీవితములో మిక్కిలి శ్రమపడిన యేడే కావచ్చును. గడువు లెక్కలో అది ఖర్చయిన యేడు, అంతే. ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల వరకు సెలవు ఈయవచ్చునని నిబంధన గలదు. ఉద్యోగము మారినందులకు అట్టి విరామము పేర్కొనబడలేదు.

రెండవ చిక్కు నిరభ్యంతర పత్రము. ఉద్యోగము చేయుచు పరిశోధన సాగించువారు తమ యజమానినుండి దీనిని తేవలెను. పరిశోధనకు అనుమతించితిమనియు, ఉద్యోగ విధులు పరిశోధనకు చాలినంత తీరిక నిచ్చుననియు, అవసరమైనచో తరగతి చదువుకై విధులనుండి విడుదల చేసెదమనియు అందులో ఉండవలెను. పాత కళాశాల ఇచ్చిన పత్రము ఆ కళాశాలను విడిచిన నాడే చెల్లనిదగును. కొత్త యజమాని ప్రభుత్వము. అర్జీ ప్రిన్సిపాలు బల్లమీదినుండి పై కార్యాలయమునకు పోవలెను. అచ్చటి ఉద్యోగి, ఈ పరిశోధన మా కొలువులో చేరకమునుపే మొదలైనది గదా, విశ్వవిద్యాలయము దీనిని కొనసాగించుచున్నట్లు రుజువు తెండనును. విశ్వవిద్యాలయములోని ఉద్యోగి, కొత్త యజమాని అనుమతి లేనిదే కొనసాగింపు ఉత్తరువు ఎట్లిత్తుమనును. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదన్న సామెత ఇట్టి ఫైళ్ళను చూచియే పుట్టినదేమో! ఇరువురును తమ తమ నియమమునే పాటించుచున్నారు. నడుమ నిలిచిపోయినది మాత్రము ఆమె పని.

మూడవ చిక్కు పర్యవేక్షకులు. ఒక ఆచార్యుడు ఏకకాలమున ఎనమండుగురు పరిశోధకులకు, సహాచార్యుడు ఆరుగురికి, సహాయాచార్యుడు నలుగురికి మించి మార్గదర్శకత్వము వహింపరాదు. పదవీ విరమణకు మూడేండ్లలోపు ఉన్నవారు కొత్తవారిని చేర్చుకొనరాదు. ఇప్పటికే యున్న వారిని విరమణవరకు నడిపించి, తరువాత డెబ్బది ఏండ్ల వయస్సువరకు సహపర్యవేక్షకులుగా మాత్రమే కొనసాగవచ్చును. మన ఉపన్యాసకురాలి పర్యవేక్షకులు ఈ లోపల విరమించిరనుకొనుడు. ఆమె స్థానము కొరకు ఖాళీ గల మరియొకరిని వెదకవలెను. ఊరిలో నున్నచో శాఖకు నాలుగుమారులు పోయి, ఎవరినో ఒప్పింపవచ్చును. ఆదిలాబాదునుండి అట్టి పనికి వచ్చుటకు ఎన్ని ఆకస్మిక సెలవులు చాలును?

నాలుగవది, మిక్కిలి సున్నితమైనది, సేకరించిన సామగ్రి. ఆ మసి అచ్చులు ఎవరివి? కాగితము శాఖ ఇచ్చినది, కాళ్ళరిగినవి ఆమెవి. శాస్త్ర విభాగములలో ఈ ప్రశ్న ఇంకను జటిలము. ఔషధ శాస్త్రములో జంతువులపై పరీక్షలు జరుపుటకు ఆయా సంస్థలోని నైతిక పరిశీలన సంఘపు అనుమతి కావలెను. ఒక సంస్థలో పొందిన అనుమతి రెండవ సంస్థలోని ప్రయోగశాలకు చెల్లదు. పథకపు నిధులతో కొనిన యంత్రములు వ్యక్తివెంట పోవు; నిధులిచ్చిన సంస్థయు, రెండు విద్యాసంస్థలును సమ్మతించినగాని కదలవు. ప్రయోగపు నోటుపుస్తకము ప్రయోగశాలకు చెందును. అందలి ఆలోచన ఎవరికి చెందునో ఏ రశీదునందును వ్రాసియుండదు.

శిష్యవేతనము మాటయు ఇట్లే. జాతీయ అర్హత పరీక్షద్వారా లభించు పరిశోధక వేతనము 2023 జనవరినుండి మొదటి రెండేండ్లకు నెలకు 37,000 రూపాయలుగాను, తరువాత 42,000 రూపాయలుగాను నిర్ణయింపబడెను. అది పూర్తికాలపు పరిశోధకులకు మాత్రమే. ఉద్యోగములో చేరిననాడు దానిని వదలుకొనవలెను. ఇది న్యాయమే. కాని పూర్తికాలపు నమోదును పాక్షికకాలపు నమోదుగా మార్చుకొనుటకు ఆయా విశ్వవిద్యాలయము యొక్క అనుమతి ప్రత్యేకముగా పొందవలెనన్న సంగతి కొందరికి చివరి దినములలోగాని తెలియదు.

ఈ నియమములన్నియు వ్యర్థమనుట తగదు. పట్టము పొందదలచినవాడు నిజముగా తానే పనిచేసినాడని విశ్వవిద్యాలయము ప్రజలకు హామీ యిచ్చుచున్నది. పర్యవేక్షణ లేని పరిశోధన, యజమానికి తెలియని పరిశోధన, ఇరువది యేండ్లు సాగు పరిశోధన — ఇవి పట్టము విలువను తగ్గించును. గడువు లేనిచో పూర్తిచేయువారు తగ్గుదురు. ప్రజాధనముతో కొనిన యంత్రములను ఎవరికి తోచినచోటికి వారు తీసికొనిపోరాదు. కాబట్టి నియమము ఉండవలసినదే. అది పని పూర్తియగుటకు కావలి కాయుచున్నదా, లేక కాగితము పూర్తియగుటకే కావలి కాయుచున్నదా యన్నది మాత్రము అడుగవలసిన ప్రశ్న.

పని మనిషితో కదలినచో ఏమగునో, కదలనిచో ఏమగునో ఒకే జీవితములో చూపిన మహనీయుడు మన తెలుగువాడే యొకడు గలడు. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు వైద్య విద్యాలయములో సైరస్ ఫిస్కే ప్రయోగశాలయందు పనిచేసిరి. శరీర ద్రవములలో భాస్వరమును కొలుచు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడెను. కండరములలోని ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును గూర్చి 1927లోను, జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని గూర్చి 1929లోను ఆ యిరువురి పేర ప్రకటనలు వచ్చెను. ఇంత చేసినను హార్వర్డులో వారికి శాశ్వత ఆచార్య స్థానము లభింపలేదు.

1930 తరువాతి సంవత్సరములలో సుబ్బారావుగారు కాలేయ సారమునుండి రక్తహీనతను పోగొట్టు పదార్థములను వేరుచేయు పనికి పూనుకొనిరి. ఇది వారికి కేవలము శాస్త్ర కుతూహలము కాదు. వారి సోదరులిరువురు స్ప్రూ అను సంగ్రహణి వ్యాధికి బలియైరి. తామును ఆ వ్యాధితో బాధపడి బయటపడినవారే. ఆ పని ముగియకమునుపే, 1940లో హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరునందలి లెడర్లీ ఔషధ సంస్థలో చేరిరి. కాలేయ సారపు పరిశోధన వారివెంట పోయెను. లెడర్లీలో వారి నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు విధానమును 1945లో లోకమునకు తెలిపెను. సోదరులను బలిగొన్న ఆ వ్యాధికి మందు దొరకినది. నేడు గర్భిణీ స్త్రీలకు ప్రతి ఆరోగ్య కేంద్రములోను ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

హార్వర్డులో నిలిచిపోయిన పని మాట వేరు. అచ్చట సుబ్బారావుగారికి సహాధ్యాయియై, తరువాత 1988లో నోబెలు బహుమానమందిన జార్జి హిచింగ్స్ ఒక సంగతి చెప్పియున్నారు. సుబ్బారావుగారు వేరుచేసిన న్యూక్లియోటైడులలో కొన్ని వెలుగులోనికి రాక, ఎన్నో ఏండ్ల తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసి వచ్చెనని వారి మాటల సారాంశము. ఒకే మనిషి, ఒకే బుద్ధి, ఒకే శ్రమ. వెంట వచ్చిన పని మందై కోట్లమందికి చేరెను. వెనుక నిలిచిన పనిని ఇతరులు మొదటినుండి చేయవలసి వచ్చెను. ఈ రెంటికిని నడుమ తేడా ప్రతిభలో లేదు. కాలేయ సారపు పనికి చేరిన చోట ప్రయోగశాలయు సహచరులును దొరకిరి. రెండవదానికి అట్టి దారి ఏర్పడలేదు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్లకే మరణించిరి. వెనుకకు మరలి ఆ పనిని అందుకొనుటకు వారికి వ్యవధియు లేకపోయెను.

కార్యాలయపు తేదీ యొకటి మనిషి దారినే మార్చిన కథ మరియొకటి గలదు. 1920లో కన్నడ దేశమందలి హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించిన సి. ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితశాస్త్రమున ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో నెగ్గి, అచ్చటనే పరిశోధక వేతనమునకు అర్జీ పెట్టిరి. అర్జీ గడువు దాటి అందినదను కారణమున తిరస్కరింపబడెను. ఉద్యోగము వెదకికొనుచు కలకత్తా పోయిన రావుగారు అచ్చటి భారత గణాంక సంస్థను గూర్చి విని, 1941 జనవరిలో అందు చేరిరి. 1945లో ఆయన ప్రకటించిన వ్యాసము నేడు లోకమంతట గణాంక విద్యార్థులు మొట్టమొదట చదువు పాఠములలో ఒకటి.

ఆయన కథలో మన విషయమునకు మరింత దగ్గరైన భాగము దాని తరువాత వచ్చును. 1946లో కేంబ్రిడ్జిలోని పురాతత్త్వ, మానవశాస్త్ర ప్రదర్శనశాలవారు సూడాను దేశమునుండి తెచ్చిన ప్రాచీన అస్థిపంజరముల కొలతలను విశ్లేషించుటకు ఆయనను పిలిచిరి. అది ఉద్యోగము. దానితోపాటే అచ్చటి విశ్వవిద్యాలయములో పిహెచ్.డి.కి పేరు నమోదు చేసికొనిరి. పగలు చేసిన కొలతల పనియే పరిశోధనకు ముడిసరుకాయెను. 1948లో పట్టము లభించెను. ఉద్యోగమును పరిశోధనయు ఒకదానికొకటి అడ్డుగాక, ఒకే బండికి పూన్చిన ఎడ్లవలె నడచినచో పని ఎంత త్వరగా సాగునో దీనివలన తెలియును. రావుగారు 102 ఏండ్ల నిండు జీవితము గడపి 2023లో దివంగతులైరి.

ఇక మన దేశపు నిబంధనలలో వచ్చిన మంచి మార్పును చెప్పవలెను. 2016 నాటి నిబంధనలలోను, తిరిగి 2022 నాటి వానిలోను ఒక ముఖ్యమైన ఏర్పాటు గలదు. పరిశోధకురాలు వివాహమువలన గాని మరి యే కారణమువలన గాని వేరొక చోటికి తరలిపోవలసి వచ్చినచో, ఆమె పరిశోధన సమాచారమును అచ్చటి విద్యాసంస్థకు బదిలీ చేయుటకు అనుమతింపవలెను. ఇందుకు రెండు షరతులు. ఆ పని పాత సంస్థయో పర్యవేక్షకుడో బయటినుండి నిధులు తెచ్చి నడుపుచున్న పథకమునకు సంబంధించినది కాకూడదు. జరిగిన పనికి పాత సంస్థ పేరును, పర్యవేక్షకుని పేరును ఆమె కృతజ్ఞతతో పేర్కొనవలెను. పని మనిషివెంట పోవచ్చునని మన నిబంధనలు ఒప్పుకొనిన చోటు ఇది. మన ఉపన్యాసకురాలు ఆదిలాబాదునుండి మరియొక విశ్వవిద్యాలయమునకు మారదలచినచో ఈ వాక్యమే ఆమెకు ఆధారము.

అయినను దీని హద్దులను గుర్తింపవలెను. ఇందు చెప్పినది సమాచారపు బదిలీ. గడచిన కాలమును, పూర్తియైన తరగతి చదువును కొత్త సంస్థ ఎట్లు లెక్కింపవలెనో ఈ వాక్యము చెప్పదు. కొత్తచోట స్థానము ఖాళీ యుండవలెను. తక్కిన నిబంధనలన్నియు నెరవేరవలెను. అన్నిటికి మించి, ఈ సదుపాయము స్త్రీలకే గలదు. ఉద్యోగము మారిన పురుషుడు తన విశ్వవిద్యాలయపు విచక్షణమీద ఆధారపడవలసినదే. స్త్రీల విషయమున న్యాయమని తోచినది తక్కినవారి విషయమున అన్యాయమెట్లగును?

నియమములు మారునంతవరకు పరిశోధకులు తమకు చేతనైనంత జాగ్రత్త వహింపవలెను. ఉద్యోగపు ఉత్తరువు చేతికి వచ్చిన వారమునందే పర్యవేక్షకుని ద్వారా విశ్వవిద్యాలయమునకు లిఖితపూర్వకముగా తెలిపి, తేదీ వేసిన రసీదు తీసికొనవలెను. తరలుటకు ముందే సలహా సంఘమును సమావేశపరచుమని కోరి, అంతవరకు జరిగిన పని ఎంతయో, మిగిలినది ఎంతయో ఆ సమావేశపు నివేదికలో ఎక్కించుకొనవలెను; రేపు పర్యవేక్షకులు మారినను ఆ కాగితము మాటాడును. కొత్త యజమానికి పెట్టు అర్జీలో నిరభ్యంతర పత్రమున ఉండవలసిన మూడు అంశములను యథాతథముగా వ్రాసి యిచ్చినచో, పత్రము లోపములతో తిరిగి వచ్చు ప్రమాదము తగ్గును. చేరిన ఊరిలో అర్హులైన అధ్యాపకులుండినచో వారిని సహపర్యవేక్షకులుగా నియమింపుమని కోరవచ్చును. ఇతర సంస్థలవారిని అట్లు నియమించుటకు నిబంధనలు వీలు కల్పించినవి. సేకరించిన సామగ్రికి జాబితా వ్రాసి, పర్యవేక్షకుని సంతకము చేయించి, ప్రతిని తమవద్ద ఉంచుకొనవలెను. పూర్తియైన భాగమును వ్యాసముగా ప్రకటించినచో, ఆ భాగమైనను బీరువా పాలు గాదు.

ఫైలు కదలనిచో కోపగించుకొనుటకంటె అది ఎక్కడ నున్నదో తెలిసికొనుట మేలు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఆ ప్రశ్న అడిగినచో సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెను. ఏ తేదీన ఏ బల్లమీదికి వచ్చినది, ఏ అభ్యంతరముతో ఆగినది యని అడిగినచో చాలును. అభ్యంతరమేదో తెలిసినచో సగము చిక్కు విడును.

విశ్వవిద్యాలయములు చేయదగినదియు పెద్ద సంస్కరణమేమియు కాదు. ఉద్యోగము మారినవారికై ఒకే దరఖాస్తు నేర్పరచి, అందు పాత యజమాని, కొత్త యజమాని, పర్యవేక్షకులు వరుసగా సంతకము చేయుటకు చోటుంచవచ్చును. కొత్త అనుమతి పత్రము వచ్చునంతవరకు తాత్కాలికముగా నమోదు కొనసాగునని ఒక వాక్యము చేర్చినచో, రెండు కార్యాలయములు ఒకదానికొకటి కాచుకొనుట తప్పును. ఆ కాగితములు తిరుగుటకు పట్టిన మాసములను పరిశోధకుని గడువులో లెక్కింపకుండుట కనీస న్యాయము. ఆలస్యము ఎవరిదో వారి ఖాతాలోనే అది పడవలెను గదా.

మన దేశములో పూర్తియైన సిద్ధాంతవ్యాసములను భద్రపరచు కంప్యూటరు భాండాగారమునకు శోధగంగ యని పేరు. పరిశోధన ఆరంభములో సమర్పించు ప్రణాళికలను ఉంచు చోటునకు శోధగంగోత్రి యని పేరు. పేర్లు చక్కగా పెట్టినారు. గంగోత్రిలో పుట్టి గంగను చేరక మధ్యదారిలోనే ఇంకిపోయిన ధారలెన్నియో లెక్కించు ఏర్పాటును ఇట్లే చేసినచో, ఏ సంవత్సరమున ఏ కారణముచే ఎన్ని పరిశోధనలు ఆగినవో తెలియును. తెలిసిన నష్టమునే ఎవరైనను పూడ్చగలరు.

ఓరుగల్లు సీమవారికి నీరు వృథా కాకుండ నిలుపుకొనుట ఎట్లో వేరుగా చెప్పనక్కరలేదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులలో ఒక చెరువు నిండినచో అలుగు పారి, ఆ నీరు క్రింది చెరువును చేరును. పై చెరువు మాదనియు, క్రింది చెరువు వారిదనియు అలుగునకు అడ్డుకట్ట వేసినచో రెండు ఊళ్ళ పొలములును ఎండును. పరిశోధకుడు ఒక సంస్థనుండి మరియొక సంస్థకు పోవుట తప్పు కాదు, ద్రోహమును కాదు. అతని చేతిలోని పని అతనితో పారుటకు ఒక అలుగు కావలెను. ఆ అలుగును కట్టవలసినవి విశ్వవిద్యాలయములు. అది కట్టబడునంతవరకు, మీ యింట పరిశోధకులెవరైన నుండి వారికి కొత్త ఉద్యోగపు ఉత్తరువు వచ్చినచో, మిఠాయి పంచుడు. ఆ సాయంకాలమే విశ్వవిద్యాలయమునకు వ్రాయవలసిన ఉత్తరమును గూర్చి జ్ఞాపకము చేయుడు.